దంతవైద్య విద్యలో మా ప్రథమ వత్సరము

(సంఘ వార్షిక మహాసభ యందలి విద్యార్థి సమావేశమున చేసిన ప్రసంగము)



ఆహ్వానసంఘమువారు మా యింటికి దయచేసి, విద్యార్థి సమావేశమున నాలుగు మాటలు చెప్పవలసినదని కోరినప్పుడు, మానుండి వారాశించినది కాళిదాస కవిత్వమో, గురుశిష్య ధర్మమో అయియుండును. ముప్పదిమూడేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న పంతులనుండి ఎవరైనను మరేమి యాశింతురు? కాని మేమొక కట్టుబాటు చేసితిమి. విషయము మా యిష్టము. నడుమ గంట కొట్టరాదు. వారు సరేయనిరి. ఇప్పుడు పశ్చాత్తాపపడినను ప్రయోజనము లేదు. నేటి మా ప్రసంగము పండ్లను గూర్చి. తినెడి పండ్లు కావు. తినుటకు సాధనములైన పండ్లు.

మీలో ననేకులకు తెలియని సంగతి యొకటి కలదు. మేము పంతులము కాకపూర్వము ఒక సంవత్సరము దంతవైద్య విద్యార్థిగా నుంటిమి. 1976వ సంవత్సరమున చేరితిమి. 1977లో పరీక్ష తప్పి ఇల్లు చేరితిమి. సిగ్గుచేత ఈ సంగతిని ఇన్నేండ్లు నోటిలోనే దాచుకొంటిమి. నేడు బయటపెట్టుటకు కారణము కలదు. అది చివర మనవి చేసెదము. ఆ కళాశాల పేరు మాత్రము చెప్పము. అది మంచి కళాశాల. తప్పినవారము మేముగాని అది కాదు. దానికి చెడ్డపేరేల?

మాది నేతపని యిల్లు. మా మాతామహులు పగలెల్ల మగ్గపు గుంటలో కూర్చుండి, రాత్రి దీపము ముందర సుశ్రుత సంహిత విప్పుకొని కూర్చుండువారు. అమరకోశము మాకు వారి యొడిలోనే వచ్చినది. మనుమడు వైద్యుడు కావలెనని వారి కోరిక. వైద్యకళాశాలకు మా మార్కులు కొలదిగా చాలలేదు, దంతవైద్యమునకు చాలినవి. తాతగారు క్షణమాలోచించి, "దేహమంతయు దొరకకపోయినను ముఖద్వారము దొరకినదిగదా. లోపలికి పోవునదంతయు అందుగుండనే పోవలయును" అని తృప్తిపడిరి.

ఊరివారు మాత్రము అంత సులభముగా తృప్తిపడలేదు. పన్నుల చదువనగా రెవెన్యూ శాఖలో ఉద్యోగము కాబోలునని కొందరనుకొనిరి. అసలు సంగతి తెలిసిన తరువాత మా పెదనాన్నగారు, "నాలుగేండ్లా! సంతలో చెట్టుక్రింద కూర్చున్నవాడు నాలుగు నిమిషములలో పీకుచున్నాడే!" అని ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. దానికి తాతగారు చెప్పిన యుత్తరము మేమెన్నడును మరువలేదు. "పీకుటకు నాలుగు నిమిషములు చాలును. పీకకుండ నిలుపుటకే నాలుగేండ్లు." తరువాత ఆ కళాశాలలో మేము విన్న యే యుపన్యాసమును ఆ విద్య ప్రయోజనమును ఇంత క్లుప్తముగా చెప్పలేదు.

అప్పటి మన సంఘ విద్యానిధివారు మాకు నెలకు 40 రూపాయల వేతనము మంజూరు చేసిరి. ఆ కాలమున అది భోజనశాల ఖర్చునకు ఇంచుమించు సరిపోవుచుండెను. వేతనపు కాగితము అడుగున చిన్న యక్షరములతో నొక నియముండెను: మొదటి సంవత్సరము తప్పినవారికి వేతనము నిలుపబడును. యువకులు చిన్న యక్షరములు చదువరు. మేమును చదువలేదు.

కళాశాలలో మొదట చేయించిన పని యెముకలు కొనుట. దంతవైద్యుడు పండ్లు మాత్రమే చదువునని మీరనుకొందురు. కాదు. మొదటి సంవత్సరమున శరీరశాస్త్రము, దేహధర్మశాస్త్రము, జీవరసాయనము, దంతనిర్మాణశాస్త్రము, ఇవన్నియు మీదపడును. పై తరగతి విద్యార్థి యొకడు తన చదువైపోగా ఒక కపాలమును, కొన్ని యెముకలను మాకు తక్కువ ధరకు విక్రయించెను. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోవుచు, అక్కడకూడ చదువుదుమను భ్రాంతితో, ఆ కపాలమును ఒక పాత పంచెలో చుట్టి పెట్టెలో పెట్టుకొని పోయితిమి.

మరునాడు ఉదయము మాసిన గుడ్డలకొరకు మా అమ్మమ్మ పెట్టె తెరచెను. పంచె విప్పెను. ఇల్లెగిరిపోవునట్లు కేక పెట్టునని మేము వణకుచుండగా, ఆమె యా కపాలమును రెండు చేతులతో పట్టుకొని, పెద్దల నడిగినట్లే యడిగెను:

"ఎవరు నాయనా, ఈయన?"

తెలియదంటిమి. "పేరు తెలియకపోతే పోనీ, గోత్రమైనా తెలియదా?" అనెను. అదియు తెలియదంటిమి. ఆమెకు మామీద నున్న గౌరవము ఆ క్షణమున సగము తరిగెను. ఒక మనిషిని డబ్బిచ్చి కొని, వారెవరో యడుగకుండ ఇంటికి తీసికొని వచ్చినవాడేమి చదువుకొన్నవాడు? తరువాత నెలవున్నన్నాళ్లు ఆమె యాయనను దేవునిగది కెదురుగా గూటిలో నుంచెను. సంధ్యవేళ దీపము చూపెను. మేము స్నానము చేయక ముట్టకూడదని శాసించెను. అమావాస్యనాడు ఆయన పేరిట ఒక ముద్ద తీసి కాకులకు పెట్టెను. తుదకొకనాడు ఆయన ముఖమును నిదానించి చూచి, "పళ్లు ఎంత చక్కగా ఉన్నవిరా! వేపపుల్ల విడువని మనిషి" అని తీర్పు చెప్పెను. మా గ్రంథములలో నంతకన్న సూక్ష్మమైన పరిశీలన మాకు కనబడలేదు.

ఇక మైనపు పండ్ల కథ. దంతవైద్య విద్యార్థి మొదట మనుష్యుని పన్ను ముట్టడు. మైనపు దిమ్మను ఒక చిన్న చెక్కుడు కత్తితో చెక్కి, ముందుపన్ను, కోరపన్ను, నమలెడి పన్ను, దేనికది తయారుచేయవలెను. పన్ను పన్నుకు నొక రూపము. పై దవడ మొదటి చర్వణకమునకు లోపలివైపున చిన్న బొడిపె యొకటి కొందరి నోళ్లలో నుండును. దానికి వియన్నా నగరపు కరబెల్లి యను వైద్యుని పేరు పెట్టిరి. ఆ బొడిపెను చెక్కబోయి మేము మొత్తము పన్నునే పోగొట్టుకొనుచుంటిమి. నేతగాని మనుమని చేతులు సన్నని పనికి పనికివచ్చునని అందరునుకొనిరి. ఆ నేర్పు మా తాతగారి చేతులతోనే ఆగిపోయినదని మాకప్పుడు తెలిసినది.

మూడువారములు శ్రమించి యొకనాడు ఒక నమలెడి పంటిని ఉపాధ్యాయుని ముందుంచితిమి. ఆయన దానిని ఇటు త్రిప్పి, అటు త్రిప్పి, వెలుతురునకు పట్టి చూచెను.

"ఇది యేది?"

"పై దవడ మొదటి చర్వణకము, అయ్యా."

"అది సరే. ఏ జంతువుది?"

మా కోరపంటికి మాత్రము సద్గతి కలిగినది. ఒక రాత్రి వసతిగృహమున విద్యుత్తు పోయెను. మా గదిలో నుండిన మిత్రుడు చీకటిలో బల్ల తడిమి, చేతికి దొరకిన మైనపు ముక్కలో నూలుపోగు గుచ్చి వెలిగించెను. పదిదినముల మా శ్రమ ఒక గంటసేపు వెలుగునిచ్చినది. ఆ వెలుతురులో వాడు చదివిన పాఠమునుండియే వాని ప్రశ్నపత్రమున ప్రశ్న వచ్చినది. మా పన్ను వలన నొకడు నెగ్గెనని మాకు నేటికిని తృప్తి.

తరువాత నిజమైన పండ్లు సేకరించి తెమ్మనిరి. పీకివేసిన పండ్లను నీటిలో శుద్ధిచేసి, ఫారమాలినులో నుంచి, వాని నిర్మాణమును పరిశీలించవలెను. నగరపు దంతవైద్యుల వాకిళ్లయందు మా తరగతి యంతయు బిచ్చగాండ్రవలె తిరుగుచుండెను. మేము మాత్రము మన యూరి సంతకు పోయి, చెట్టుక్రింది పంటివైద్యుని యాశ్రయించితిమి. ఆయన యొక రేకుడబ్బా నిండ పండ్లు పోసి యిచ్చెను. ధర యడుగగా నవ్వి, "మనము ఒకే వృత్తివారము గదా తమ్ముడూ, నీవద్ద పుచ్చుకొందునా?" అనెను.

ఆ డబ్బాను గదిలో నేలమీద పోసి వేరుచేయుచుండగా మాకు నవ్వు పోయినది. వానిలో మిక్కిలిగా నున్నవి మొదటి చర్వణకములు. మన యాడువారు దవడపన్ను అనునది. పన్నంతయు గట్టిగా నున్నది. నడుమ నొక్క నల్లని గుంట మాత్రము. వేళ్లు పూర్తిగా ముదురని పండ్లుకూడ కొన్ని యుండెను. అనగా చిన్నబిడ్డల నోళ్లనుండి వచ్చినవి. తల్లులారా, ఈ యొక్క సంగతి వినుడు. ఈ పన్ను ఆరవయేట వచ్చును. పాలపండ్లన్నిటికి వెనుకగా, ఏ పాలపన్నును ఊడకుండగనే వచ్చును. కాబట్టి దానినికూడ పాలపన్నే యనుకొని, "పుచ్చిన పుచ్చనిండు, ఊడి కొత్తది వచ్చును" అని పెద్దలూరకుందురు. అది ఊడినచో మరి రాదు. పాలపండ్లు 20, స్థిరదంతములు 32. ఆ 32లో సర్వసాధారణముగా ముందువచ్చి, ముందు చెడునది ఇదియే. ఆ సంవత్సరమంతయు మేము చదివినదానిలో మాకు నిజముగా వచ్చినది ఈ పాఠము.

ఇంక నోటి యచ్చు తీయుట. ఆల్జినేటను పొడి యొకటి కలదు. సముద్రపు నాచునుండి తీయబడునది. దానిని నీటితో కలిపి, పళ్లెరమువంటి పనిముట్టులో నింపి, నోటిలో నొక్కి పట్టినచో కొన్ని నిమిషములలో గట్టిపడును. విద్యార్థు లొకరి నోటి యచ్చునొకరు తీయవలెను. మా చేతికి చిక్కినవాడు పైన చెప్పిన దీపపు మిత్రుడు. మేము నీరు తక్కువ చేసి, పొడి యెక్కువ చేసి, గట్టి ముద్దను వాని నోటిలో నొక్కితిమి. అది నిమిషములో బిగిసిపోయెను. పళ్లెరము రాదు. మేము లాగుచుంటిమి. వాడు చేతులాడించుచు "హ! హ! హ!" అనుచుండెను. నవ్వుచున్నాడనుకొని మేమును నవ్వితిమి.

వ్యాకరణము తెలిసియు ఆలోచింపకపోవుట మా దోషము. పండ్లు మూతపడినవి; నాలుక వానిని తాకజాలదు. కాబట్టి తకారము, దకారము, నకారము పలుకరావు. పెదవులు తెరచియున్నవి, పకారము, మకారము రావు. తాలవు మూతపడినది; చకారము రాదు. మిగిలినది కంఠము. పాపమతడు "తీయరా, చచ్చిపోవుచున్నాను" అనుచుండగా అందులో కంఠ్యములు మాత్రమే బయటికి వచ్చుచుండెను! ఉపాధ్యాయుడు పరుగెత్తివచ్చి, పక్కనుండి గాలి చొరనిచ్చి, ఒక్క త్రిప్పున ఊడదీసెను. నోరు విడిపడిన వెంటనే మా మిత్రుడు వర్ణమాలలోని యన్ని వర్గముల యక్షరములును ఉపయోగించి మమ్ము సంభావించెను.

ఇట్లు నవ్వులతో కాలము గడచి, పరీక్షలు వచ్చినవి. మౌఖిక పరీక్షకు పరస్థలమునుండి యొక పెద్దమనిషి వచ్చెను. భయముచేత మా నాలుక ఎండిపోయినది. ఆయన మమ్ము కుదుటపరచుటకే కాబోలు, సులభమైన ప్రశ్న యడిగెను. "మానవదేహమున ఎముకలెన్ని?"

భయములో మనిషికి చివర చదివినది పోయి, మొదట చదివినది వచ్చును. తాతగారి యొడిలో విన్నది నోటికి వచ్చినది. "మున్నూట యరువది" అంటిమి.

"ఎవరి దేహమున?"

"చరకుని మతమున. సుశ్రుతుని మతమున మున్నూరు."

ఆయన కండ్లజోడు తీసి బల్లమీద పెట్టెను. "మున్నూట యరువదినుండి మున్నూటికి దించితివి. ఇంకను కొంచెము దించుము. మా లెక్కకు వచ్చును."

ఆధునికుల లెక్క 206. మా తాతగారి గ్రంథము తప్పుకాదు. ఎంచు పద్ధతి వేరు. చరకుడు 32 దంతములను, అవి నిలుచు 32 కుదుళ్లను, 20 గోళ్లనుకూడ ఎముకలలో చేర్చినాడు. సుశ్రుతుడు దంతములకు రుచకములని పేరుపెట్టి యెముకలలో నొక జాతిగా చెప్పినాడు. నేటి శాస్త్రము పంటిని ఎముకగా నెంచదు. పంటిపై నున్న పింగాణివంటి పొర దేహమంతటిలో కఠినమైన పదార్థము. ఎముక విరిగినచో అతుకుకొనును గాని ఈ పొర పోయినచో తిరిగి పుట్టదు. ఇదంతయు మాకు తెలియును. తెలిసినది తెలిసినట్లు చెప్పుట వేరు విద్య.

తరువాత దంతముల వరుస యడిగెను. దవడలో నొక పక్కన, మధ్యనుండి వెనుకకు, ఛేదకములు 2, కోరపన్ను 1, చిన్న చర్వణకములు 2, పెద్ద చర్వణకములు 3, వెరసి 8. నాలుగు భాగములకు 32. జ్ఞాపకమునకై మేము వసతిగృహమున నొక శ్లోకపాదము కట్టుకొని యుంటిమి: నేత్రచంద్రకరాగ్నయః. కన్నులు రెండు, చంద్రుడొక్కడు, చేతులు రెండు, అగ్నులు మూడు. అది యట్లే బయటపడినది. అర్థము చెప్పుమనెను, చెప్పితిమి. మన గణితశాస్త్రజ్ఞులు ముప్పదిరెండు అనుటకు దంతమను మాటనే వాడుదురనికూడ ఉత్సాహముతో చేర్చితిమి. ఆయన కడుపుబ్బ నవ్వి, ఆ ప్రశ్నకు నిండుమార్కులు వేసితినని చెప్పెను. మేము నెగ్గితిమనుకొంటిమి.

అంతలో, "పంటినొప్పిని మోయు నరమేది?" అని యడిగెను. ఏడవదంటిమి. ఏడవ నరము ముఖమును నవ్వించునది, ఏడిపించునది. నొప్పిని మోయునది అయిదవ నరము. కంటికి, పై దవడకు, క్రింది దవడకు మూడు శాఖలుగా పోవునది. దంతవైద్యుడు మందుసూది వేయునది దాని కొమ్మలకే. అది తెలియనివానికి నోరప్పగింపరాదు. ఆయన న్యాయము చేసెను. శరీరశాస్త్రమున తప్పితిమి, దేహధర్మశాస్త్రమునను తప్పితిమి.

ఆరునెలలకు మరల పరీక్ష కలదు. చదివినచో గట్టెక్కుదుమని మాకు నమ్మకముండెను. కాని వేతనము నిలిచెను. చిన్న యక్షరములు అప్పుడు కనబడెను. భోజనశాలకు బాకీ పడితిమి. ఇంటికి వ్రాయుటకు మొగము చెల్లలేదు. మన సంఘమునకు వ్రాయుటకు అంతకన్నను చెల్లలేదు. ఎవరికిని చెప్పక, ఉన్న యెముకలను కొత్త విద్యార్థి కమ్మి, బాకీ తీర్చి, మిగిలిన డబ్బుతో రైలు టిక్కెట్టు కొని వచ్చితిమి.

ఇంట నెవరును ఏమియు ననలేదు. అమ్మమ్మ పెట్టె విప్పి చూచి, "ఆయన ఏడి?" అనెను. అమ్మితినంటిమి. "టిక్కెట్టుకోసం ఆయనను అమ్ముకొన్నావా?" అని కన్నీరు పెట్టుకొనెను. పరీక్ష తప్పినందుకు మాకు రాని యేడుపు అప్పుడు వచ్చినది.

మరునాడు తాతగారు మమ్ము మగ్గముకడకు పిలిచిరి. పడుగులో నొక పోగు తెగియున్నది. "ఏమి చేయుదువు?" అనిరి. రెండు కొసలు కలిపి పురి వేసి అతుకుదునంటిమి. "ఒక పోగు తెగినదని బట్ట కోసి పారవేయుదువా?" అని మాత్రమడిగిరి. ఆ వేసవియందే మమ్ము ప్రాచ్య కళాశాలలో చేర్పించిరి. అదియే మా యతుకు. ఆ యతుకుమీదనే మా బ్రదుకు నేయబడినది. దానిని గూర్చి మాకు చింత లేదు. 1984లో పండితులమై, 2017లో విశ్రమించితిమి. వర్ణముల పుట్టుక చెప్పునప్పుడు దవడ బొమ్మ తెచ్చి పండ్లు చూపిన పంతులు మా ప్రాంతమున మేమొక్కరమే కాబోలు. ప్రతి యేడును ఆరవతరగతి పిల్లల నోళ్లు తెరపించి, ఆ ఆరేండ్ల పంటిలో నల్లని గుంట కనబడినవారిని ప్రభుత్వ వైద్యశాలకు పంపుచుంటిమి. మా సంవత్సరమంతయు వ్యర్థము కాలేదు.

కాని లెక్క యొకటి మిగిలినది. అది పోషకులకు మనవి. విద్యానిధి మాపై పదినెలలు, నెలకు 40 చొప్పున, 400 రూపాయలు వెచ్చించినది. ఇంక ఆరునెలలకు 240 రూపాయలిచ్చినచో మేము నెగ్గియుందుమో లేదో దైవమునకు తెలియును. ఆ 240 మిగుల్చుటకై 400 నీటిపాలైనవి. వస్త్రవ్యాపారము తెలిసిన మనకు ఇది లాభమా?

చాల యేండ్లకు ఒక వివాహమున నాటి విద్యానిధి కార్యదర్శిగారు మాకు కనబడిరి. అప్పటికి ముదుసలులు, నోట పండ్లు లేవు. సంగతియంతయు విని, "ఒక్క ఉత్తరము వ్రాసియుండకూడదా నాయనా? ఆ నియమము వ్రాసినది నేనే గదా. కొట్టివేయువాడను నేను గానా?" అనిరి. కాబట్టి తప్పు నియమములో సగము, మా మౌనములో సగము.

ఇటీవల మన సంఘపు బాలిక యొకతె, మగ్గముమీద బ్రదుకు తండ్రి బిడ్డ, జాతీయ ప్రవేశపరీక్ష నెగ్గి, ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో చేరినది. మొదటి సంవత్సరమున ఒక విషయము తప్పినది. నిధి వేతనము నిలిచినది. ఆ నియమము నేటికిని మన పుస్తకములో నట్లే యున్నది. బాలిక ఇల్లు చేరి, మరి పోనని కూర్చున్నది. తండ్రి ఆమెను మా యొద్దకు తోడ్కొని వచ్చెను. ఆమె సంచిలో మైనపు దిమ్మ యొకటి కనబడినది. తీసి చూచితిమి. పై దవడ మొదటి చర్వణకము. కరబెల్లి బొడిపెతో సహా. "తాతగారూ, ఇది ఏ పన్నో చెప్పగలరా?" అని యడిగినది. చెప్పగలిగితిమి. ఏ జంతువుదో అడుగవలసిన యవసరము రాలేదు.

నలుగురు విశ్రాంత ఉపాధ్యాయులము కలిసి ఆరునెలలు ఖర్చు భరించితిమి. ఆమె నెగ్గినది, నేడు రెండవ సంవత్సరమున నున్నది. ఇది మా గొప్పకై చెప్పుట లేదు. నలుగురు ముసలివాండ్ర పింఛను నియమము కాజాలదు. ఆమెకు మేము దొరకితిమి. మా యింటికి దారి తెలియని బిడ్డకెవరు దొరకుదురు?

తప్పినవారికిచ్చిన ధనము నెగ్గినవారికి అందకపోవునని కొందరు పెద్దలు శంకింతురు. ఆ శంక న్యాయమైనదే. అందుచేత మేమడుగునది హద్దులేని దానము కాదు. రేపటి కార్యసమావేశమునకు మేము పంపిన తీర్మానము ఇంతే: మొదటి సంవత్సరము తప్పిన విద్యార్థి, ఒక మాసములోపల తన చేతితో నిధికి ఉత్తరము వ్రాసి సంగతి తెలుపవలెను, అట్లు తెలిపినవారికి తరువాతి పరీక్షవరకు వేతనము నిలుపరాదు. అప్పుడును తప్పినచో నిలుపవచ్చును. భారము ఇరువైపుల నున్నది. వారికి సిగ్గు విడుచుట. మనకు సంచి విప్పుట.

మనదేశమున మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తానగరమున రఫీయుద్దీన్ అహ్మదుగారు స్థాపించిరి. దాని ఖర్చునకై ఆయన యొక సోడా అంగడి నడిపిరని చెప్పుదురు. జనులు తీపిపానీయములు త్రాగిన డబ్బుతో పండ్ల చదువు పుట్టినది! అంగడి నడుపుట మన పోషకులకు కొత్త కాదు. ఆ మహానుభావునివలె కళాశాల కట్టుమని మేమడుగుట లేదు. ఆరునెలల భోజనము అడుగుచున్నాము.

విద్యార్థులారా! మీకొక్క మాట. తప్పినచో ఉత్తరము వ్రాయుడు. తల్లిదండ్రులకు వ్రాయుడు, నిధికి వ్రాయుడు, ఎవరును లేరని తోచినచో మాకు వ్రాయుడు. నోరు మూసికొనిన వానికి ఏ వైద్యుడును వైద్యము చేయజాలడు. ఇది మేము దంతవైద్య కళాశాలలో నేర్చిన శాస్త్రము. మా నోటిలో నిప్పుడు పందొమ్మిది పండ్లున్నవి. దంత్యములు ఇంకను పలుకుచున్నవి కాబట్టి ఈ మాత్రము విన్నవింపగలిగితిమి.